అరంగుళమక్క గీసిన రోడ్డు

మా తోడికోడలిని వీధంతా అరంగుళమక్క అంటుంది. కారణం ఆవిడ నోరే. పిల్లవాడికి చొక్కా కొలతలు తీసుకుంటూ, "ఒక అరంగుళం వదులుతానమ్మా, రేపు పెరుగుతాడుగా" అంటుంది. పెరగడం మానేసి ముప్ఫై ఏళ్ళయిన పెద్దమనిషికి ప్యాంటు కుడుతున్నా అంతే. "ఒక అరంగుళం వదులుతానండీ, భోంచేశాక కూర్చోవద్దూ?" అంటుంది. నా పెళ్ళి బట్టలు కుట్టింది ఆవిడే. అందులో వదిలిన అరంగుళాలు ఒక్కొక్కటే విప్పుకుంటూ, ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా అవే వేసుకున్నాను. కాబట్టి ఆవిడని చూసి నవ్వే హక్కు నాకు లేదు. అయినా నవ్వుతాను. తోడికోడల్ని అయ్యాక ఆ మాత్రం చేయకపోతే ఎలా?

ఆవిడది టైలరింగ్ షాపు, పక్కనే నాది జిరాక్స్ షాపు. మధ్య గోడకి చిన్న కిటికీ ఉంది. అందులోంచి కత్తెర, టీ గ్లాసులు, తిట్లు అటూ ఇటూ పోతుంటాయి. మా ఆయనా, వాళ్ళాయనా అన్నదమ్ములు. పొద్దున్నే గిడ్డంగికి పోయి సాయంత్రానికి వస్తారు. ఈ కథలో వాళ్ళకి అంతకన్నా పని లేదు.

మా వైపు వరసగా పద్దెనిమిది షాపులు. రోడ్డు మీద నిలబడి చూస్తే ఎడమ నుంచి మూడోది అక్కది. కుడి నుంచి మూడోది సోఫాల ఆయనది. ఎడమ చివర దాటగానే రోడ్డు మోచెయ్యిలా వంగుతుంది. అక్క షాపుకి సరిగ్గా ఎదురుగా, అవతలి పక్కన బస్‌స్టాప్. బస్సు దిగి తలెత్తితే ముందు కనిపించేది అక్క బోర్డే. దిగడం, రోడ్డు దాటడం, "అక్కా, అర్జెంటు" అనడం, ఇరవై ఏళ్ళుగా ఆవిడ గిరాకీ అంతా ఇలా నడిచొచ్చిందే. నిరుడు బస్‌స్టాప్ పక్కనే అద్దాల తలుపులతో రెడీమేడ్ బట్టల షాపు ఒకటి తెరిచారు. అయినా జనం దాన్ని చూసి, అద్దంలో జుట్టు సర్దుకుని, రోడ్డు దాటి అక్క దగ్గరికే వచ్చేవాళ్ళు.

రోడ్డు దాటేవాళ్ళలో మహా ఘనుడు మా మామయ్య. మా ఇద్దరికీ మామగారే గానీ పగలంతా అక్క సొత్తు. డెబ్బై ఆరేళ్ళ వయసులో ఆవిడ షాపులో మూల కుర్చీలో కూర్చుని గుండీలు కుడతాడు. సరిగ్గా నాలుగింటికి లేచి, ఎదురుగా ఉన్న సెలూన్‌కి చదరంగం ఆడటానికి పోతాడు. దాటే పద్ధతి కూడా ఆయనదే. కుడిచెయ్యి పైకెత్తుతాడు, ముక్కుసూటిగా చూస్తాడు, నడుస్తాడు. అంతే. ఎడమ లేదు, కుడి లేదు.

"కాస్త అటూ ఇటూ చూడండి మామయ్యా" అంటే, "నేను వాళ్ళని చూడటమేమిటి? వాళ్ళు నన్ను చూడాలి. నేను పెద్దవాణ్ణి" అనేవాడు.

ఆరు నెలల కిందట ఒక స్కూటరు మలుపు తిరిగి వచ్చేసింది. అది మామయ్యని చూసేలోపే ఆయన మోచేతికి తగిలింది. చెయ్యి విరిగింది. జేబులో ఉన్న గుండీలన్నీ రోడ్డంతా చెల్లాచెదురయ్యాయి. ఆయన్ని లేపబోతే, "నన్నొదిలేయ్ అమ్మాయ్, ముందు ఆ నీలం గుండీలు ఏరు, స్కూలు యూనిఫాంవి" అన్నాడు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అక్కకి మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ రోడ్డు మధ్యలో కూర్చుని ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఆవిడ పెళ్ళై వచ్చినప్పుడు కత్తెర పట్టుకోవడం నేర్పింది ఆయనే. కన్నతండ్రి దగ్గర లేని చనువు ఆవిడకి ఆయన దగ్గర ఉంది.

ఆ తర్వాత పది రోజులకే మున్సిపాలిటీ వాళ్ళ నోటీసు వచ్చింది. రోడ్డు మధ్యలో డివైడర్ కడతారట. ఈ చివర నుంచి ఆ చివర దాకా నడుమెత్తు గోడ. అవతలికి పోవాలంటే అరకిలోమీటరు నడిచి సిగ్నల్ దగ్గర దాటాలి. వీధిలో పద్దెనిమిది షాపుల వాళ్ళూ ఒక్కసారిగా గగ్గోలు పెట్టారు. అరకిలోమీటరు నడిచొచ్చి నా దగ్గర ఒక్క కాగితం జిరాక్స్ తీయించుకునే మహానుభావుడు ఎవడుంటాడు?

అక్క మాత్రం ఆ గగ్గోలులో కలవలేదు. గోడ కిటికీలోంచి తల పెట్టి, "డివైడర్ లేకపోతే మామయ్య పోతాడే. ఉంటే షాపు పోతుంది. ఏం చేయమంటావు చెప్పు?" అంది. నాకేం తెలుసు? టీ ఇచ్చాను.

మరో వారానికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, నెత్తిన పెద్ద టోపీ, చేతిలో స్టాప్‌వాచ్. నాలుగు రోజులు మలుపు దగ్గర నిలబడి వచ్చే పోయే బండ్లని చూసింది. అందరి తిట్లూ తింది. ఆ పిల్లది కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్న బాపతు ఉద్యోగం. ఐదో రోజు అందర్నీ పిలిచి, "ఈ ముక్కకంతా ఒక్క గ్యాప్ ఇప్పించగలను. మనుషులకి మాత్రమే, బండ్లకి కాదు. మధ్యలో ఆగి నిలబడటానికి చోటుంటుంది, రెండు పక్కలా స్పీడ్ బ్రేకర్లు ఉంటాయి. అది ఎక్కడుండాలో మీరే ఒక బొమ్మ గీసి శుక్రవారం లోపల ఇవ్వండి" అంది.

ఇంకేముంది, ఎవరి గ్యాప్ వాళ్ళ గుమ్మం ముందే. మందుల షాపు వాళ్ళు మందుల షాపు ముందు, చెప్పుల షాపు వాళ్ళు చెప్పుల షాపు ముందు. అందరూ జిరాక్స్‌కి నా దగ్గరికే వచ్చారు కాబట్టి అందరి బొమ్మలూ చూశాను. అబద్ధమెందుకు, నేనూ ఒకటి గీశాను, జిరాక్స్ షాపు ముందు. బొమ్మ ఇవ్వనిది సోఫాల ఆయనొక్కడే. "నా దగ్గరికి నడిచొచ్చి సోఫా చంకన పెట్టుకుపోయేవాడు ఎవడమ్మా? జనం నా ముందు నిలబడితే లారీకి అడ్డం. నాకొద్దు మీ గ్యాపు" అన్నాడు.

అక్క గురువారం మధ్యాహ్నం గీసింది. నమూనాలు గీసుకునే పల్చటి బటర్ పేపర్ బల్ల మీద పరిచి, స్కేలూ పెన్సిలూ పట్టుకుని, నాలిక పంటి కింద నొక్కిపెట్టి మరీ గీసింది. పద్దెనిమిది గళ్ళు, ఎదురుగా రోడ్డు. రోడ్డు తిన్నగా. మలుపేదని అడిగితే, "బట్టని చదును చేసి గీస్తామా, మడతలతో గీస్తామా?" అంది. గళ్ళ మీద పేర్లు కూడా లేవు. బట్ట మీద పేర్లు రాస్తారా, గుర్తులు పెడతారు గానీ. గ్యాప్ కావాల్సిన చోట, జాకెట్టు చంకలో పెట్టే గంటులాగా చిన్న మూడు మూలల గుర్తు పెట్టింది. నేను దాన్ని తీసుకుని, పెన్సిలు గీత ఉన్నవైపు మెషీన్ మీద పెట్టి, ఐదు కాపీలు తీసి, అసలు కాగితంతో కలిపి ఆఫీసుకి పంపేశాను.

శనివారం స్కూలు హాల్లో మీటింగు. చేతికి కట్టు విప్పిన మామయ్య కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. ఇంజినీరమ్మ పదిహేడు బొమ్మలూ గోడకి అంటించింది. టోపీ తీసేసి, అలసిపోయిన గొంతుతో మొదలుపెట్టింది.

"పదిహేడు మందిలో పదహారు మంది గ్యాప్ తమ షాపు ముందే అడిగారు. తప్పులేదు, ఎవరి బతుకు వాళ్ళది. కానీ ఒక్కరు మాత్రం తన షాపు ముందు అడగలేదు. ఎడమ చివర ఉన్నావిడ, కుడి చివర గ్యాప్ పెట్టమన్నారు, సోఫాల షాపు ముందు. నేను నాలుగు రోజులు నిలబడి లెక్కేస్తే తేలిన చోటు కూడా అదే. టైలరమ్మగారూ, ఒకసారి లేచి నిలబడండి."

హాలంతా చప్పట్లు. మందుల షాపాయన వెనక్కి తిరిగి మరీ కొట్టాడు. నేను అక్క మొహం చూశాను. తెల్లకాగితంలా ఉంది.

అక్క నా చెయ్యి గిల్లి, "తిరగేసి తీశావే" అని గొణిగింది.

"నేనా? గీత ఉన్నవైపే తీశాను."

"గీత లోపలి వైపు గీస్తామే. లోపలి వైపు గీసి తిప్పి చూస్తాం. ఇరవై ఏళ్ళుగా ప్రతి బట్ట మీదా అంతే గీశాను. చేతికి అదే అలవాటు. ఎడమది కుడికి పెట్టి గీశాను. నువ్వు తిప్పాలి కదే."

"రోడ్డుకి లోపలి వైపేంటక్కా?" అన్నాను. అన్నాక నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. చప్పట్ల మధ్య నేనొక్కదాన్నే కొంగు నోట్లో కుక్కుకుని ఊగిపోతుంటే, మా అక్క గొప్పతనానికి కన్నీళ్ళు పెట్టుకుంటున్నాననుకుని పక్కావిడ నా వీపు నిమిరింది.

అక్క ఊరికే కూర్చోవచ్చు. రాని పుణ్యం ఉచితంగా వచ్చి ఒళ్ళో పడింది. కానీ ఆవిడ తప్పు కుట్టు కనబడితే విప్పకుండా ఉండలేని మనిషి. కస్టమర్ కంటికి కనబడని చోట పడ్డా సరే. లేచింది.

"చప్పట్లు ఆపండి. నేను అంత మంచిదాన్ని కాదు. గ్యాప్ నా షాపు ముందే అడిగాను. కాగితం తిరగేసి గీశాను. దాన్ని తిప్పి చూడండి."

హాల్లో పడ్డ నవ్వులకి కిటికీ రెక్కలు కదిలాయి. చెప్పుల షాపాయన నవ్వి నవ్వి దగ్గుతెర పట్టి బయటికి పోయాడు. ఇంజినీరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే వచ్చి, అక్క బటర్ పేపర్ని గోడ మీంచి తీసి, తిప్పి అంటించింది. గుర్తు ఇప్పుడు ఎడమ నుంచి మూడో గడి ముందు ఉంది. పెన్ను తీసి, ఆ గడికి ఎడమ పక్కన రోడ్డుని మోచెయ్యిలా వంచి గీసింది.

"టైలరమ్మగారూ, ఇది మీరు వదిలేసిన మడత. మలుపు తిరిగిన బండి మీ గుమ్మం ముందున్న మనిషిని చూశాక మిగిలేది మూడు సెకన్లు. సోఫాల షాపు దగ్గరైతే పన్నెండు. మీరు అడిగారు కాబట్టి, ఇక్కడే పెట్టమంటే పెద్దసార్లకి ఈ బొమ్మ కూడా పంపుతాను. చెప్పండి."

ముందు వరసలోంచి మామయ్య గొంతు వినిపించింది. "మూడు సెకన్లు ఎందుకు, నేను చెయ్యెత్తుతాగా?"

మళ్ళీ అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు. మామయ్య చెయ్యెత్తి చూపించబోయాడు. కట్టు విప్పిన చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. అక్క దాన్ని చూసింది. బొమ్మని చూసింది. ఇరవై ఏళ్ళ గిరాకీని ఒక పక్కా ఈయన్ని ఒక పక్కా పెట్టి చూసుకుంటోందని నాకు తెలుసు.

"ముందు గీసినట్టే ఉంచండమ్మా" అంది అక్క. "తప్పు గీతే ఉంచండి."

ఈసారి చప్పట్లు కొట్టడానికి ఎవరికీ చేతులు రాలేదు.

నెల తిరిగేసరికి డివైడర్ లేచింది. మొదటి రోజే మామయ్య పరువు తీశాడు. నాలుగింటికి లేచి, తిన్నగా ఎదురుగా పోయి, గోడ మీదికి ఒక కాలు వేశాడు. రెండో కాలు రాలేదు. గుర్రం ఎక్కినవాడిలా అక్కడే ఉండిపోయాడు. ముందుకు పోలేడు, వెనక్కి దిగలేడు. బస్సు ఆగింది. కండక్టరు కిందికి దిగి సలహాలిచ్చాడు. అవతలి నుంచి సెలూనాయన ఒక కాలూ, ఇవతలి నుంచి నేనొక కాలూ పట్టుకుని, ఎవరు ఎటు లాగాలో తెలియక ఇద్దరం చెరో వైపు లాగాం. ప్యాంటు చిరిగిన చప్పుడు బస్సులో వెనక సీటు దాకా వినిపించి ఉంటుంది.

ఆయన్ని లోపలికి తెచ్చి కూర్చోబెట్టాక అక్క తలుపు వేసింది. ఆవిడ మామగారి ముందు గొంతు పెంచడం నేను అదే మొదటిసారి విన్నాను.

"మామయ్యా, నేను నా గుమ్మం ముందు గ్యాప్ వద్దన్నది ఎందుకనుకున్నారు? పోయిన గిరాకీ ఇంకో దారిన వస్తుంది. రాకపోతే షాపు మూసేస్తాను, నాకేం భయం లేదు. మీరు పోతే నేను ఎవర్ని మామయ్యా అని పిలవాలి? రేపట్నుంచి గ్యాప్ దగ్గరే దాటండి. లేదంటే చదరంగం మానేయండి."

మామయ్య చిరిగిన ప్యాంటు మీద తువ్వాలు కప్పుకున్నాడు. "తొంభై అడుగులుంటుందమ్మాయ్, ఆ సోఫాల వాడి దాకా" అన్నాడు. "పోనీలే, నడుస్తాను."

నడిచాడు. గట్టిగా లెక్కపెడుతూ, దారిలో కనిపించిన ప్రతి షాపుకీ తన కష్టం చెప్పుకుంటూ నడిచాడు. అక్క గుమ్మంలో నిలబడి, ఆయన అవతలి పక్క సెలూన్‌లో అడుగు పెట్టేదాకా చూసేది. చేతిలో పని ఎంతటిదైనా నాలుగింటికి గుమ్మంలోకి వచ్చేసేది. గిరాకీ సంగతి మాత్రం అందరూ భయపడ్డట్టే అయింది. బస్సు దిగినవాళ్ళు అక్క బోర్డు చూసేవాళ్ళు, గోడ చూసేవాళ్ళు, రెడీమేడ్ షాపులోకి పోయేవాళ్ళు. స్కూలు యూనిఫాంల తల్లులు సగానికి పైగా మళ్ళీ రాలేదు. ఈ రోజుకీ రాలేదు. అక్క కుట్టు మెషీన్‌కి మూడోసారి నూనె వేస్తుంటే చూశాను. పని లేని టైలరు మెషీన్‌కి నూనె వేస్తూనే ఉంటాడు.

అప్పుడు సోఫాలాయన వచ్చాడు, మండిపడుతూ. సంగతేమిటంటే, తొంభై అడుగులు నడిచేసరికి మామయ్యకి ఆయాసం వచ్చింది. గ్యాప్ ఎదురుగా సోఫాలున్నాయి. సోఫాలున్నది కూర్చోవడానికే కదా, కూర్చున్నాడు. ఆయన్ని చూసి మందుల షాపుకి పోయే ముసలమ్మ కూర్చుంది. ఆవిడని చూసి స్కూలు పిల్లలు, సంచులతో ఆడవాళ్ళు, బస్సు తప్పిపోయినవాళ్ళు. రోడ్డు ఖాళీ అయ్యేదాకా ఎండలో ఎవరు నిలబడతారు? వారం తిరిగేసరికి వీధిలో సగం మంది రోజూ ఒకసారి సోఫాలాయన ముంగిట్లో సేదదీరుతున్నారు. ఒకాయన అక్కడే నిద్రపోయి గురక కూడా పెట్టాడట.

"నీ గీత వల్లే కదమ్మా ఇదంతా" అన్నాడు సోఫాలాయన. "నా సోఫాలు చూడు. గులాబీ రంగువి మట్టిరంగుకొచ్చాయి. ఇప్పుడు నన్నేం చేయమంటావు?"

"లేపేయండి బాబాయ్, ఎవరు ఊరుకోమన్నారు?" అంది అక్క.

ఆయన తల గోక్కున్నాడు. "లేపేస్తే ఎలా? కూర్చున్నవాళ్ళలో ముగ్గురు కొన్నారు కూడా. మీ మామయ్యయితే కూర్చున్నప్పుడల్లా స్ప్రింగులు ఎంత మెత్తగా ఉన్నాయో అందరికీ చెబుతున్నాడు. జీతం లేని సేల్స్‌మన్." కాస్త తగ్గి, "కవర్లు కుట్టి పెడతావా? ఉతుక్కోవడానికి వీలుగా. మొత్తం నలభై సోఫాలు" అన్నాడు.

అక్క టేపు మెడలో వేసుకుని బయల్దేరింది. సోఫా మీద టేపు పరిచి, "ఒక అరంగుళం వదులుదాం" అంటుంటే, "సోఫా పెరగదమ్మా" అని ఆయన మొత్తుకున్నాడు. ఆవిడ వింటేగా.

కవర్లు తొడిగిన సోఫాల మీద కూర్చున్నవాళ్ళు వాటి అంచులు తడిమి, ఎవరు కుట్టారని అడిగేవాళ్ళు. మామయ్య అడక్కుండానే చెప్పేవాడు. కుర్చీలకి, కిటికీలకి, కారు సీట్లకి కుట్టించుకోవడానికి మనుషులు ఆ తొంభై అడుగులు నడిచి రావడం మొదలుపెట్టారు. యూనిఫాంలతో పోయినంత గిరాకీ వచ్చిందా అంటే, వచ్చిందని ఒట్టేసి చెప్పలేను. మెషీన్‌కి నూనె వేసే తీరిక మాత్రం అక్కకి లేదు.

మొన్న ఒక రోజు నేను టీ అందించడానికి కిటికీలోంచి తొంగిచూశాను. అక్క నేల మీద బట్ట పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఒక పొడుగాటి సోఫాకి కత్తిరిస్తోంది. చుట్టూ ముగ్గురు ఆడవాళ్ళు నిలబడి ఒకేసారి మాట్లాడుతున్నారు. అంతలో మామయ్య గుమ్మంలోంచి లోపలికి వచ్చి, "ఈరోజు కూడా ఓడిపోయానమ్మాయ్. ఆ సెలూనోడు మంత్రిని దాచేస్తున్నాడు, నాకు అనుమానం" అన్నాడు.

అక్క తలెత్తింది. గుండుసూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి బట్టకి గుచ్చింది.

"మీరు ఎప్పుడు వెళ్ళారు మామయ్యా?"

"ఎప్పుడేమిటి, నాలుగింటికే. ఇప్పుడు ఆరు కావొస్తోంది."

అక్క గోడ గడియారం చూసింది. నా వైపు చూసింది. "చూడలేదే" అంది నాతో. "ఆయన వెళ్ళడం నేను చూడనే లేదు." అని ఆ ముగ్గురు ఆడవాళ్ళ ముందే మొహం కత్తిరించిన బట్టలో దాచుకుని, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. నేను టీ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.